అడ్డపొగ తాగే అమ్మ, అంగిలి మీద తెల్లమచ్చ, పురిటికి వెళ్తున్న కూతురు: మీ ప్రశ్నలకు సమాధానం

మీ ప్రశ్న చదివాను. మీకిప్పుడు ఏడో నెల. వచ్చే నెల పురిటికి శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళ్తున్నారు. అమ్మకు 58 ఏళ్ళు. పెళ్ళయిన కొత్తలో అత్తగారిని చూసి మొదలుపెట్టిన అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం, ఇప్పటికీ నడుస్తోంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పన్ను సలుపుతోందంటే టార్చి వేసి చూశారు. అంగిలంతా తెల్లగా, మందంగా ఉంది, మధ్యమధ్య ఎర్రచుక్కలు. అక్కడ నొప్పేమీ లేదు. నెట్‌లో వెతికితే పొగ తాగేవాళ్ళ అంగిలి అలాగే ఉంటుంది, ప్రమాదం లేదు అని కనిపించింది. బిడ్డ సంగతి ఎత్తితే "నిప్పు నా నోట్లోనే ఉంటాది కదే, పొగ బయటికెక్కడొస్తాది" అంటున్నారు అమ్మ. మానమంటే "నలభయ్యేళ్ళ అలవాటు, ఇప్పుడు మాని ఏటి చేస్తాను" అంటున్నారు.

మీరు అడిగినవి మూడు. ఆ మచ్చ కేన్సరా, బిడ్డకు హాని ఉందా, ఈ వయసులో మాన్పించగలమా. చివర్లో మీవారు బాల్కనీలో కాల్చే రెండు సిగరెట్ల గురించి కూడా ఒక వాక్యం రాశారు. దాని గురించీ చెబుతాను.

నేను నోటి జబ్బులు చూసే డెంటల్ డాక్టర్ని. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చే ఇలాంటి అమ్మలను, అమ్మమ్మలను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. అందుకే ముందుగా ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మీ ప్రయాణం దాకా ఆగకండి. అన్నయ్యో నాన్నగారో ఎవరో ఒకరు అమ్మను ఈ వారంలోనే డాక్టరుకు చూపించాలి. అది కేన్సర్ అని నేను అనడం లేదు. మాటల్లో విని గానీ ఫోటో చూసి గానీ ఎవరూ అలా తేల్చలేరు. కానీ నెట్‌లో మీరు చదువుకున్న ధైర్యం మీ అమ్మకు వర్తించదు.

ఎందుకో చెబుతాను. సిగరెట్, బీడీ, పైపు మామూలుగా కాల్చేవాళ్ళలో కూడా అంగిలి తెల్లబడుతుంది. అక్కడ ఉండే చిన్నచిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు వేడికి వాచి ఎర్రచుక్కల్లా కనిపిస్తాయి. దాన్ని స్మోకర్స్ పాలెట్ అంటాం. అది కేన్సర్‌గా మారడం చాలా అరుదు. పొగ మానేస్తే కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. మీరు చదివింది దీని గురించే. నిప్పు లోపల పెట్టుకుని కాల్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ అంగిలిలో వచ్చే మార్పులను ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్‌కు దారితీయగల నోటి మార్పుల్లో ఒకటిగా ప్రత్యేకంగా గుర్తించింది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉండొచ్చు. చుట్ట ఎటువైపు పెట్టుకుంటారో చెప్పకపోతే డాక్టరు కూడా మొదటిదే అనుకునే వీలుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో చూపిస్తే ఈ అలవాటు గురించి ఎప్పుడూ వినని డాక్టరు ఎదురుపడొచ్చు. కాబట్టి కుర్చీలో కూర్చోగానే "అడ్డపొగ తాగుతారు, నిప్పు లోపలికి పెట్టుకుంటారు, ఇన్నేళ్ళుగా, రోజుకిన్ని" అని మీవాళ్ళే ముందుగా చెప్పాలి.

ఇది చదివే మిగతావాళ్ళలో చాలామందికి అడ్డపొగ తెలియకపోవచ్చు. చుట్టను మామూలుగానే వెలిగిస్తారు. రెండు దమ్ములు లాగి, బాగా అంటుకున్నాక తిప్పి నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుంటారు. పెదాలు బిగించి, చుట్టను ఉమ్మితో తడుపుతూ ఉంటారు. గాలి బయటి కొస నుంచి లోపలికి వస్తుంది, దాంతో నిప్పు నెమ్మదిగా కాలుతూ చాలాసేపు నిలుస్తుంది. బూడిదను ఉమ్మేస్తారు, కొందరు మింగేస్తారు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. నాట్లు వేస్తూ, ఒడ్డున చేపలు ఏరుతూ, జీడిపిక్కలు కొడుతూ కాల్చుకోవచ్చు. సముద్రపు గాలికి ఆరిపోదు. నిప్పురవ్వ చీర మీదో, చంకలో బిడ్డ మీదో పడదు. అలా చూస్తే మన తీరపు ఆడవాళ్ళ పనికీ బతుక్కీ సరిపోయేలా వచ్చిన అలవాటు ఇది. దీన్ని మొరటుతనంగా చూసి ఎగతాళి చేసేవాళ్ళ మాట ఏ అమ్మా వినదు, వినక్కర్లేదు కూడా. ఫిలిప్పీన్స్, పనామా, కొలంబియాల్లో, ఇటలీలోని సార్డీనియా దీవిలో కూడా ఇలా కాల్చేవాళ్ళు ఉన్నట్టు వైద్యులు రాశారు.

హాని ఎక్కడ మొదలవుతుందంటే, మండే కొస నాలుకకూ అంగిలికీ మధ్యలో ఉంటుంది. నోటి లోపలి గాలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుందని లెక్కగట్టారు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో 70 దాకా కేన్సర్ కలిగించేవి. మామూలుగా కాల్చేవాళ్ళకు ఆ పొగ చుట్ట పొడుగునా ప్రయాణించి కాస్త చల్లారి నోట్లోకి వస్తుంది. అడ్డపొగలో పుట్టిన చోటే అంగిలికి తగులుతుంది. వేడికి పైపొర కమిలి, మందమై, మళ్ళీ కమిలి, ఆ కమిలిన చోటే తారు పేరుకుని ఏళ్ళు గడుస్తాయి.

దేశంలో మిగతాచోట్ల నోటి కేన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్ళ మీద, నాలుక మీద వస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. మన తీరంలో మాత్రం అది అరుదు కాదని విశాఖ వైద్యులు స్వాతంత్ర్యానికి ముందే గమనించారు. తర్వాత డెన్మార్క్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసిన ఫలీ మెహతా, వాళ్ళ సహచరులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించారు. చూసినవాళ్ళలో వందకు 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిలి మీద ఎలాంటి మచ్చను చూసి జాగ్రత్తపడాలో ప్రపంచంలోని దంతవైద్యులు చాలావరకు మీ జిల్లా ఆడవాళ్ళ నోళ్ళు చూసే నేర్చుకున్నారు.

ఇక పరీక్ష. కట్టుడు పళ్ళ సెట్టు ఉంటే తీసి చూపించాలి, దాని కిందే మచ్చ దాక్కుంటుంది. మంచి వెలుతురులో తల వెనక్కి వాల్చి చూస్తాం. కొందరి అంగిలి ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు బారి ఉంటుంది. చూడగానే భయం వేసేది అదే అయినా, మేం ఎక్కువగా అనుమానించేది ఎర్రగా మెత్తగా ఉన్న చోటును, మానని పుండును, మామూలు గోధుమ రంగు పోయి పాలిపోయిన మచ్చను, వేలితో తాకితే గట్టిగా తగిలే చోటును. మీరు చెప్పిన ఎర్రచుక్కలు గ్రంథుల నోళ్ళే కావొచ్చు. అవి కాక మరో ఎర్ర ప్రదేశం ఉంటే అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. "ముక్క తీస్తే కేన్సర్ పాకిపోతుంది" అని ఊళ్ళో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట నమ్మి ఆర్నెల్లు ఆగి వచ్చినవాళ్ళను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు, ఆలస్యం వల్ల పాకుతుంది.

రిపోర్టులో డిస్‌ప్లేసియా అన్న మాట ఉంటే కంగారు పడొద్దు. కణాల తీరు మారుతోంది, ఇంకా కేన్సర్ కాలేదు అని దాని అర్థం. అది ఎంత తీవ్రంగా ఉందో చూసి ఆ చోటు తీసేయడమా, పొగ మాన్పించి మూడు నెలలకోసారి చూడటమా అని నిర్ణయిస్తారు. ఒకవేళ కేన్సరే అని తేలినా, మొదట్లో దొరికితే చిన్న ఆపరేషన్‌తో బయటపడే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే అంగిలి ఎముక చాలా భాగం తీసేయాల్సి వస్తుంది. నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు పోతుంది. తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది, మాట ఎదుటివాళ్ళకు అర్థం కాదు. ఆ కంతను మూసే ప్లేటు జీవితాంతం పెట్టుకోవాలి. ప్లేటు అమర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు చాలామంది ఇంట్లో నలుగురితో కలిసి అన్నానికి కూర్చోవడం మానేసినవాళ్ళు. ఇదంతా రాస్తున్నది ఒక్కదానికే: ఈ మచ్చకు నొప్పి ఉండదు. నొప్పి వచ్చేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఆగడమే మన ఊళ్ళలో జరిగే పెద్ద నష్టం.

మొదట దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి డెంటల్ ఓపీలో చూపించవచ్చు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోరు చూడటం ఇప్పుడు ఊళ్ళలో ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల పనిలో భాగమే, వాళ్ళను అడిగినా దారి చూపిస్తారు. ముక్క పరీక్ష దాకా వెళ్తే విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే రాష్ట్ర ప్రభుత్వ పథకంలో కేన్సర్ చికిత్స ఉంది, రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోమనండి.

బిడ్డ విషయానికొస్తాను. అమ్మ చెప్పింది నిజం కాదు. నిప్పు లోపలున్నా ఆవిడ ఊపిరి వదిలినప్పుడు పొగ బయటికే వస్తుంది, చుట్ట బయటి కొస నుంచీ, పెదాల సందుల్లోంచీ వస్తుంది. వెలిగించేటప్పుడు వచ్చే పొగ సరేసరి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఎక్కాల్సిన చోట ఎక్కి కూర్చుంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మీరు పీలిస్తే మాయ ద్వారా కడుపులోని బిడ్డకూ ఆ లోటు తగులుతుంది. గర్భిణులు పక్కవాళ్ళ పొగ పీల్చినా బిడ్డ బరువు తగ్గుతుందని స్పష్టంగా తెలుసు. పుట్టాక పసివాళ్ళలో నిమోనియా, పిల్లికూతలు, చెవిలో చీము, ఉబ్బసం పెరుగుతాయి. నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు కూడా పొగ ఉన్న ఇళ్ళలో ఎక్కువ. "కిటికీ తీసి కాలుస్తాను", "ఫ్యాన్ వేసుకుంటాను" అంటే సరిపోదు. పక్కవాళ్ళ పొగ ఎంత తక్కువైనా సురక్షితం అనదగ్గ స్థాయి లేదని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి (సర్జన్ జనరల్) నివేదిక 2006లోనే తేల్చి చెప్పింది.

పురిటి గది గురించి కాస్త ఆగి చెప్పాలి. బాలింతకు గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూసేస్తారు. పక్కన కుంపటి. బిడ్డకు నీళ్ళు పోశాక సాంబ్రాణి ధూపం. ఆ గదిలోకే అమ్మ వచ్చి బిడ్డను ఒళ్ళో వేసుకుంటారు, ఆవిడ చీర కొంగు, జుట్టు, వేళ్ళు నిండా చుట్ట వాసన. ఆ వాసన అంటే గుడ్డకూ చర్మానికీ అంటుకున్న నికోటిన్, తారే. బిడ్డ ఆ కొంగులోనే మూతి పెట్టుకుని పడుకుంటుంది. కుంపటి వద్దు, ధూపం బిడ్డ ముక్కు దగ్గర వద్దు, గదికి గాలి ఆడాలి. ఈ మాటలు మీరు చెబితే గొడవవుతుందనుకుంటే డెలివరీ చేసే డాక్టరమ్మతో అమ్మ ఎదురుగా చెప్పించండి, ఆవిడ మాటకు ఉండే బరువు వేరు. అమ్మ పూర్తిగా మానేలోపు చుట్ట ఇంటి ఆవరణ బయటే కాల్చాలి, కాల్చాక నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడిగి, చీర మార్చుకుని అప్పుడు బిడ్డను ఎత్తుకోవాలి. ఇది ముప్పును తగ్గించే పనే కానీ పోగొట్టేది కాదు. అందుకే మీ పురుడు లోపు మాన్పించడమే గురిగా పెట్టుకుందాం. మీకు రెండు నెలల టైముంది. అది సరిపోతుంది.

"ఇప్పుడు మాని ఏటి చేస్తాను" అన్న ప్రశ్నకు జవాబు ఉంది. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ 1951లో వేల మంది డాక్టర్ల పొగ అలవాట్లు రాసుకోవడం మొదలుపెట్టారు. 50 ఏళ్ళు వెంటపడి చూసిన ఫలితాలు 2004లో వచ్చాయి. సిగరెట్ మానని మగ డాక్టర్లు సగటున పదేళ్ళ ఆయుష్షు కోల్పోయారు. 60 ఏళ్ళకు మానినవాళ్ళు అందులో దాదాపు మూడేళ్ళు, 50కి మానినవాళ్ళు ఆరేళ్ళు తిరిగి తెచ్చుకున్నారు. వాళ్ళు కాల్చింది సిగరెట్లు, అమ్మ కాల్చేది చుట్ట, లెక్క అక్షరాలా అదే ఉండదు. కానీ గుండె, రక్తనాళాలు ఈ వయసులో కూడా కోలుకుంటాయి. కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే రక్తం వదిలి పోతుంది. అంగిలి సంగతి నేను కళ్ళారా చూసేదే, పొగ ఆపిన వారాల్లోనే తెల్లమందం పలచబడటం మొదలవుతుంది. మనవడో మనవరాలో బడికి వెళ్ళేనాటికి అమ్మ పక్కన ఉండటానికి అలా కలిసొచ్చే ఏళ్ళే తేడా కావొచ్చు. ఆ మాట అమ్మతో చెప్పండి.

ఇంత తెలిసీ మీ అమ్మ దాకా ఎవరూ ఎందుకు రాలేదంటే, మన పొగాకు కట్టడి ప్రయత్నాలన్నీ సిగరెట్ పెట్టె చుట్టూ, పట్నం చుట్టూ తిరిగాయి. 2003 చట్టం మంచిదే. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక. సినిమా హాల్లో ప్రకటన. వీటివల్ల ఫలితం వచ్చింది కూడా. దేశంలో పొగాకు వాడే పెద్దలు 2009-10లో 34.6 శాతం ఉంటే 2016-17 సర్వేకు 28.6 శాతానికి దిగారు. కానీ కొట్లో విడిగా కొనే చుట్టకు పెట్టె ఎక్కడుంది? లంక పొగాకు ఆకు కొని ఇంట్లో చుట్టుకునే చుట్ట మీద ఏ బొమ్మ వేస్తారు? పొలంలో, ఒడ్డున, పెరట్లో కాల్చే ఆడమనిషికి బహిరంగ ప్రదేశాల జరిమానా ఏం తగులుతుంది? చదువురాని మనిషికి పెట్టె మీద అక్షరం అందదు.

అందినది ఒకటుంది. అదే టాటా పరిశోధకులు తర్వాత శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళ దగ్గరికి ఏటా వెళ్ళారు. ఇంటికి వెళ్ళి, నోరు చూసి, కనిపించింది చెప్పి, మానమని నచ్చజెప్పారు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలా నచ్చజెప్పిన చోట మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు పెరిగారు, నోట్లో కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గింది. పల్లెటూరి చదువురాని పెద్దవాళ్ళు మానరు అన్న మాట తప్పని మీ జిల్లా ఆడవాళ్ళే రుజువు చేశారు. ఇంటింటికీ వెళ్ళి నోరు చూడటానికి ఆశా, ఏఎన్ఎం వ్యవస్థ ఉండి కూడా అడ్డపొగ కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం ఉత్తరాంధ్రలో ఊరూరా నడవకపోవడం నాకు మింగుడుపడని విషయం.

మీరు చేయాల్సిందీ ఆ పరిశోధకులు చేసిందే. ముందు అమ్మకు అమ్మ అంగిలి చూపించండి. ఫోన్ టార్చితో ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూపించండి. నలభై ఏళ్ళు కాల్చినా తన అంగిలిని ఎన్నడూ చూసుకోని మనిషి ఆవిడ. నా దగ్గర అద్దంలో చూసుకున్నాక చాలామంది కాసేపు మాట్లాడరు, ఆ తర్వాత వాళ్ళే "ఇది పోద్దా డాక్టరమ్మా" అని అడుగుతారు. మానడం అక్కడ మొదలవుతుంది. తిట్లతో, చుట్టలు దాచేయడంతో మొదలవదు.

తర్వాత పన్ను. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది, కానీ చుట్ట పెట్టుకుంటే పన్ను సలుపు తగ్గుతుందన్న నమ్మకం మన దగ్గర చాలా బలంగా ఉంది, కొంతమంది మొదలుపెట్టిందే దానికోసం. పుచ్చిన పన్ను నోట్లో ఉన్నంతకాలం అమ్మకు చుట్ట కావాలి. అంగిలి చూపించడానికి వెళ్ళిన రోజే పన్ను సంగతీ తేల్చేయండి. ఒకవేళ పన్ను పీకితే ఆ గాయం మానేదాకా ఎలాగూ పొగ తాగకూడదు, తాగితే పుండు మానదు, విపరీతమైన నొప్పి వస్తుంది. ఆ నాలుగైదు రోజులే మానేందుకు మంచి ముహూర్తం.

మానే రోజు ఒకటి అమ్మ చేతే చెప్పించండి. ఆ రోజుకు ఇంట్లో చుట్ట, ఆకు, ఏదీ ఉండకూడదు. కొట్టు వాడికి, సాయంత్రం అరుగు మీద కలిసి కాల్చుకునే ఆడవాళ్ళకు ముందే చెప్పాలి, ఎందుకంటే మళ్ళీ పట్టుకునేది చాలావరకు వాళ్ళు చనువుగా అందించిన చుట్టతోనే. వాళ్ళలో ఒకరిని అమ్మతో పాటు మానమని ఒప్పించగలిగితే సగం పని అయినట్టే. "లోపల పెట్టుకోను, అందరిలా బయట నిప్పు పెట్టి కాలుస్తాను" అని అమ్మ బేరం పెట్టొచ్చు. అంగిలికి వేడి తగ్గుతుంది, అంతవరకే. గుండెకు, ఊపిరితిత్తులకు, బిడ్డకు ఆ బేరంలో ఏమీ రాదు. ఒప్పుకోకండి.

మొదటి వారం కష్టం. రెండు మూడు రోజులకు చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి బాగా పెరిగి, ఆ తర్వాత మెల్లగా దిగుతాయి, రెండు మూడు వారాలకు చాలావరకు పోతాయి. ఇంట్లోవాళ్ళు ఆ కోపాన్ని మనసుకు పట్టించుకోకూడదు. ఎవరూ బయటికి చెప్పని ఇంకో ఇబ్బంది ఉంది, మలబద్ధకం. చుట్ట కాల్చకపోతే విరేచనం అవదని చాలామంది అంటారు, అది సాకు కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, అది ఆగాక కొన్నాళ్ళు పేగులు మందగిస్తాయి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, అరటిపండు, ఆకుకూర, కాస్త నడక. తప్పకపోతే డాక్టరు చెప్పిన మందు కొన్నాళ్ళు. ఈ ఒక్కటి చూసుకోక మళ్ళీ చుట్ట పట్టుకున్నవాళ్ళు ఎందరో.

తాగాలన్న తపన వచ్చినా కొద్ది నిమిషాల్లో పోతుంది. ఆ కొద్ది నిమిషాలకు నోట్లో సోంపు, లవంగం, ఎండు ఉసిరిముక్క వేసుకోవచ్చు. వక్క మాత్రం వద్దు. పొగాకు కలపకపోయినా వక్క స్వయంగా కేన్సర్ తెచ్చేదే. నశ్యం, ఖైనీ, జర్దా సంగతి చెప్పనక్కర్లేదు. నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. మామూలు గమ్‌లా చకచకా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టి ఉంచాలి, వేసుకునే ముందు 15 నిమిషాలు టీ తాగకూడదు. అమ్మకు పళ్ళు లేకపోయినా, కట్టుడు పళ్ళున్నా గమ్ కుదరదు, అప్పుడు ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే అవి కూడా చెప్పండి. మధ్యలో ఒకరోజు కాల్చినా అంతా పోయినట్టు కాదు, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. చాలామంది మొదటిసారికే మానలేరు, మూడోసారికో నాలుగోసారికో మానతారు.

1800-11-2356 అని ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైన్ ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు, మానాక కూడా తిరిగి ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతారు. సిగరెట్ పెట్టెల మీద ఉండే నంబర్ అదే. చుట్ట కాల్చే అమ్మకు అది కంటపడే వీలు లేదు కాబట్టి మీరే కలిపి ఇవ్వండి.

మీవారి గురించి. "రోజుకు రెండే, అదీ బాల్కనీలో" అంటున్నారని రాశారు. రోజుకు ఒక్క సిగరెట్ కాల్చినా, 20 కాల్చేవాళ్ళకు పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వస్తుందని 2018లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. తగ్గించాను అన్న ధైర్యం గుండె దగ్గర చెల్లదు. పక్కనున్నవాళ్ళ సంగతి 1981లోనే జపాన్‌లో తకేషి హిరయామా చూపించారు. సిగరెట్ ముట్టని భార్యల్లో, భర్తలు ఎక్కువగా కాల్చేవాళ్ళయితే వాళ్ళకు ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువగా వచ్చింది. బాల్కనీ తలుపు సందుల్లోంచి పొగ హాల్లోకి వస్తుంది, మిగిలింది ఆయన చొక్కా మీద వస్తుంది. ఈ-సిగరెట్‌కు మారతానంటే అది మన దేశంలో 2019 నుంచి నిషేధం, పైగా నికోటిన్ అలవాటు అలాగే ఉంటుంది. రోజుకు రెండే కాల్చే మనిషికి మానడం అమ్మకంటే చాలా తేలిక. మీరు పుట్టింటికి బయలుదేరేలోపు ఆయన మానేస్తే, అమ్మను మానమని అడిగే చనువు అల్లుడికి వస్తుంది. మన ఇళ్ళలో కూతురు చెబితే విననిది అల్లుడు చెబితే వింటారు. ఆయననే అమ్మకు ఫోన్ చేసి "నేను మానేశాను అత్తయ్యా, మీరూ మానండి" అనమనండి.